వేలు చూపి ‘సరి’

ఆగస్టు 20. ఎండ మండిపోతోంది.

పెద్ద పని చేతికొచ్చినప్పుడల్లా రోజూ నాలుగు ముక్కలు రాసుకోవడం ఫ్యాక్టరీ రోజుల నుంచి అలవాటు. రిటైరయ్యాక ఇంటి ముందు గదిలో సొంతంగా రికార్డింగ్ పని పెట్టుకున్నా ఆ అలవాటు పోలేదు. ఎవరూ చదవరు కాబట్టి నా గొప్పలు నేను ధారాళంగా రాసుకోవచ్చు.

కితాహారా గారు ఈ ఉదయం నారింజ పళ్ళ అట్టపెట్టె నిండా పాత క్యాసెట్లు మోసుకొచ్చి గుమ్మంలో దించారు. పండక్కి సింహం వేషం కట్టి ఊరంతా తిప్పే మా పేట సింహం ఆట సంఘానికి ఆయన పెద్ద. బడిలో నాకంటే రెండు తరగతులు పైన ఉండేవారు. అందుకని నాకు డెబ్బై దాటినా ఇంకా కుర్రాణ్ణి చేసే మాట్లాడతారు.

"ఇదిగో షియోజావా. ఇమామురా వేణువంతా ఇందులో ఉంది. పాడుచేశావో, పండగనాడు సింహాన్ని నీ గుమ్మంలో ఆపి తెల్లారేదాకా ఆడిస్తాను."

"నా చేతిలో పడింది పాడైందని ఇంతవరకు ఎవరూ అనలేదండీ."

"అందుకేగా తెచ్చింది. మాకూ ఒక అవకాశం ఇస్తావని."

ఇమామురా తకుజో మార్చిలో పోయాడు. మా సింహం ముందు నడిచిన వేణువు అతనిది. పండగ సాయంత్రం సింహం ఊరంతా తిరిగి గుడి మెట్లెక్కేటప్పుడు వాయించే ఇంటిముఖం వరస అతనొక్కడికే వచ్చు. పళ్ళు ఊడిపోయాక అది వాయించడం మానేశాడు. ఇన్నేళ్ళుగా మా సింహం ఉత్త డోలు దెబ్బలకే మెట్లెక్కుతోంది. కూతురు సాయోకోకు మిగతా వరసలన్నీ నేర్పాడు, ఇదొక్కటి మాత్రం "పళ్ళు కట్టించుకున్నాక చూద్దాం" అంటూ వాయిదా వేస్తూ వచ్చాడు. పళ్ళు కట్టించుకున్నాడు. వారం తిరక్కుండా పోయాడు.

అక్టోబరు పండక్కి సాయోకో ఆ వరస వాయించాలి. ఈ పెట్టెలో తప్ప అది ఇంకెక్కడా లేదు.

అంతా డిస్కుల మీదికి ఎక్కించి ఇచ్చాక టేపులను ఏం చేస్తారని అడిగాను. సెప్టెంబరు 23న, పెద్దల సమాధులకు పూలు పెట్టే రోజున, కొండ కింది బౌద్ధాలయంలో పూజ చేయించి సాగనంపుతారట. పాత బొమ్మలకూ విరిగిన సూదులకూ చేయించినట్టే. మనిషి ఊపిరి ఉన్న వస్తువును ఊరికే చెత్తబుట్టలో పడేయలేం కదా. సంఘం గదిలో ఎలాగూ బూజు పడుతున్నాయి. "నువ్వు సరి అన్నావంటే ఇక వాటితో పనేముంది" అన్నారు కితాహారా గారు. ఆ మాటకు నా ఛాతీ కాస్త పొంగింది. ఎందుకు దాచాలి.

ఆగస్టు 21.

జలుబు. చంకలో డిజిటల్ థర్మామీటరు పెట్టుకుని పేపరంతా చదివేశాను, అది కూయనే లేదు. పాడైనట్టుంది.

ఆగస్టు 23. మబ్బు.

కొత్త థర్మామీటరు కొన్నాను. ఇదీ కూయదు. ఈ కాలపు వస్తువులు ఇంతే.

ఆగస్టు 25. ఎండ.

క్యాసెట్ డెక్కుకు రబ్బరు బెల్టు మార్చాను. బెల్టు మారిస్తే టేపును చదివే తలను కూడా సరిచేసుకోవాలి. దాని పక్కన నువ్వుగింజంత స్క్రూ ఒకటి ఉంటుంది. తల వెంట్రుకవాసి వంకరగా ఉన్నా సన్నటి ధ్వనులు రాలిపోతాయి, మొద్దు ధ్వనులే మిగులుతాయి. అందుకని టేపు నడుస్తుండగా స్క్రూ తిప్పుతూ వినాలి. శబ్దం ఎక్కడ నిగనిగలాడితే అక్కడ ఆపాలి. కొందరు దీనికి పరికరాలు వాడతారు. నాకు చెవులున్నాయి.

ఈసారి ఎటు తిప్పినా ఒకేలా ఉంది. అంటే మొదటి నుంచీ సరిగ్గానే ఉందన్నమాట. నడిమధ్యలో ఆపి, కదలకుండా లక్క చుక్క పెట్టాను. వేలు చూపించి, పైకి, "తల సరి" అన్నాను.

మా ఆవిడ ఫుమియే తలుపు దగ్గర నిలబడి ఉంది. "ఎవరి తల?" అంది.

ఈ వేలు చూపడం మీద తనకు ఎప్పుడూ వేళాకోళమే. రైలు డ్రైవరు సిగ్నలుకు వేలు చూపి పైకి చెప్పినట్టే మా ఫ్యాక్టరీలోనూ ప్రతి పనికీ చేసేవాళ్ళం. కన్ను పొరబడినా వేలూ నోరూ కలిసి చెబితే పొరబాటు దొరుకుతుంది. నేను ఇంట్లో గ్యాసు కట్టేసినా, తలుపు తాళం వేసినా వేలు చూపుతాను. పెళ్ళిలో కూడా తనకు వేలు చూపి సరి అన్నానని ఫుమియే అందరికీ చెబుతుంది. అది అబద్ధం. మనసులో అనుకున్నానంతే.

ఆగస్టు 28. సాయంత్రం జల్లు.

టేపుల నుంచి కంప్యూటర్లోకి ఎక్కించడం అయిపోయింది. ఈ రోజు డిస్కుల మీద రాయడం మొదలు.

చాలామంది డిస్కంతా రాసేసి, ఆ తర్వాత తీరిగ్గా ఒకసారి సరిచూస్తారు. కొందరు అదీ చూడరు. నా పద్ధతి వేరు. లేజరు ఒక ముక్క రాస్తుంది. వెంటనే వెనక్కి వచ్చి తను రాసింది తనే చదువుకుంటుంది. ఇచ్చిన దానికీ రాసిన దానికీ ఒక్క చుక్క తేడా ఉన్నా, ఆ చోటును పక్కన పెట్టి, డిస్కు మీద విడిగా ఉంచుకున్న ఖాళీలో మళ్ళీ రాస్తుంది. ఆ తర్వాతే ముందుకు కదులుతుంది. కూర వండుతూ మధ్యమధ్యలో ఉప్పు చూసుకోవడం లాంటిది. వడ్డించాక చూసి ఏం లాభం?

దీనివల్ల పనికి రెట్టింపు సేపు పడుతుంది. పడనీ. సరస్సు పక్కన ఉన్న మా డిస్కు యంత్రాల ఫ్యాక్టరీలో ఈ సరిచూసే పద్ధతి మీదే నా వయసంతా గడిచింది. మొదటి యంత్రం మొదటిసారి తన తప్పు తనే పట్టుకున్నప్పుడు మేమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టాం. తప్పు దొరికినందుకు చప్పట్లు కొట్టే ఉద్యోగం ఇంకొకటి నేనెరగను.

మొదటి డిస్కు పూర్తయింది. తెర మీద పచ్చ గుర్తు. తనిఖీ సరి.

ఆగస్టు 30.

ఫుమియే ఎక్కడి నుంచో గంట కీచురాళ్ళను పట్టుకొచ్చింది. అటక మీది ప్లాస్టిక్ పెట్టెలో ఇసుక పోసి, దోసకాయ ముక్కలు గుచ్చి పెట్టి, ముందు గది కిటికీలో ఉంచింది. వీటి రెక్కల చప్పుడు సన్నటి గంటల్లా ఉంటుందని మా అమ్మ కూడా పెంచేది. ఇవి మాత్రం ఉలకవు పలకవు. మూగవాటిని అంటగట్టారని చెప్పాను. ఫుమియే నా వంక అదోలా చూసింది.

సెప్టెంబరు 3. గాలి.

డిస్కులన్నీ పూర్తి. తనిఖీ సరి, ఒక్క మినహాయింపు లేదు. ఒక జత నా దగ్గర ఉంచుకుని మిగతావి, టేపుల పెట్టెతో సహా, సంఘం గదిలో అప్పజెప్పాను. సంఘం వాళ్ళు పదకొండు మంది చాప మీద వరసగా కూర్చుని ఇంటిముఖం వరస విన్నారు. అందరూ చిన్నప్పటి నుంచి డోలు పక్కన పెరిగినవాళ్ళే. ఇమామురా వేణువు వింటూ ఇద్దరు ముగ్గురు కళ్ళు తుడుచుకున్నారు.

అయ్యాక కితాహారా గారు నన్ను ఆటపట్టించడానికి వేలు చాచి, "సరి" అన్నారు. పదకొండు వేళ్ళూ లేచాయి. "సరి" అని అందరూ ఒక్క గొంతుతో అన్నారు. ఊరగాయ ముల్లంగి, సాకే సారా, నవ్వులు. సాయోకో రాలేదు, పనిలో ఉందట. ఇంత తృప్తిగా పక్క మీదికి చేరి చాలా కాలమైంది.

సెప్టెంబరు 6. ఎండ.

సాయోకో వచ్చింది. కానుకల కవర్లకు రంగు కాగితపు తాళ్ళు ముడివేసే కార్ఖానాలో చేస్తుంది. చేతికి ఇంకా ఎర్ర రంగు అంటుకునే ఉంది. కూర్చోకుండానే చెప్పింది.

"బాబాయ్, డిస్కులో నాన్న లేరు."

"మీ నాన్న మార్చిలోనే పోయాడు కదమ్మా."

అనకూడని మాట. నోరు జారింది. ఆ అమ్మాయి మాత్రం చలించలేదు.

"ఆ వరసలో నాన్న పై స్వరాల మీద వేళ్ళతో చిటుకూ చిటుకూమని కొట్టేవారు. నా చిన్నప్పుడు రోజూ విన్నాను. డిస్కులో అక్కడికొచ్చేసరికి అంతా ముసుగేసినట్టుంది. ఏ వేలు ఎప్పుడు లేపారో తెలీట్లేదు. ఎలా నేర్చుకోను?"

కోపం వచ్చింది, అయినా మర్యాద తప్పలేదు. నా దగ్గరున్న డిస్కును తన ఎదురుగానే యంత్రంలో పెట్టి, మొదటి నుంచి చివరి దాకా మళ్ళీ చదివించాను. పచ్చ గుర్తు. వేలు చూపించాను.

"చూశావా. ఇచ్చింది ఇచ్చినట్టు ఉంది. చుక్క కూడా తేడా లేదు."

"ఇచ్చిన దాంట్లోనే లేదేమో, బాబాయ్. టేపు దగ్గరే పోయుండచ్చు కదా?"

"డెక్కు తల నేనే సరిచేశాను. ఈ చెవులతో."

ఫుమియే వంటింట్లోంచి గబగబా వచ్చి, టీ కోసం నా పక్కనే పెట్టిన చిన్న స్టవ్ మీది కెటిల్ దించింది. "చెవి దగ్గర అంత కూత పెడుతుంటే కట్టేయరేం?" అంది. మాటల్లో పడి గమనించలేదు. ఎవరైనా అంతే.

సాయోకో వెళ్తూ వెళ్తూ చాలాసేపు వంగి దణ్ణం పెట్టింది. అంత దణ్ణం నాకు నచ్చలేదు.

సెప్టెంబరు 8.

మళ్ళీ తనిఖీ చేశాను. సరి.

సెప్టెంబరు 9.

మళ్ళీ చేశాను. సరి.

సెప్టెంబరు 11. వాన.

కితాహారా గారు ఫోన్ చేశారు.

"ఆ పిల్ల సంఘంలో గోల పెడుతోందయ్యా. పదకొండు మందిమి విన్నాం. మాకందరికీ ఖంగుమని వినబడింది. తనొక్కదానికేనట ముసుగు. తండ్రి మీద బెంగ అనుకుంటా, పాపం. నువ్వేం మనసులో పెట్టుకోకు."

"మరి టేపుల సంగతి?"

"అనుకున్నట్టే. ఇరవై మూడున పూజ."

సంతోషించాను. పదకొండు మంది ఒక వైపు, ఒక్కర్తి ఒక వైపు. లెక్క తేలిపోయినట్టే. సంతోషించాను.

ఫుమియే ఆ డిస్కు తనూ వింటానంది. అక్కర్లేదన్నాను.

సెప్టెంబరు 15. వృద్ధులను గౌరవించే రోజు, సెలవు.

పేట వాళ్ళు ఎర్ర అలసందలు వేసి వండిన అన్నం ఇచ్చి వెళ్ళారు. నన్ను వృద్ధుడి కింద జమకట్టారని అన్నం రుచిలో లోటేమీ లేదు.

మంగలి దగ్గరి నుంచి వచ్చేసరికి ఫుమియే ముందు గదిలో నా కుర్చీలో కూర్చుని ఉంది. తలకు హెడ్‌ఫోన్లు. వినేసింది.

"ఇమామురా గారు దుప్పట్లో దూరి వాయించినట్టుంది" అంది.

"సంగీతం గురించి నీకేం తెలుసు?"

"సంగీతం తెలీదు. మీరు తెలుసు."

"ఏమిటి దానర్థం?"

"థర్మామీటరు కూస్తే తీయరు. అన్నం కుక్కరు పిలిస్తే కదలరు. కీచురాళ్ళు నన్ను నిద్రపోనివ్వడం లేదు, మీరేమో మూగవంటారు. రెండేళ్ళ నుంచి చూస్తున్నాను. చెబితే నొచ్చుకుంటారని ఊరుకున్నాను."

"అవి మూగవే. రేపే రుజువు చేస్తాను."

"చేయండి" అని లేచి వెళ్ళిపోయింది. అన్నం చల్లారిపోయింది.

సెప్టెంబరు 16. సాయంత్రం నిర్మలంగా ఉంది.

రుజువు చేశాను.

పొద్దువాలుతుండగా కీచురాళ్ళ పెట్టె పక్కన మైకు పెట్టాను. పురుగులు రెక్కలు నిటారుగా లేపి రుద్దుతున్నాయి, కానీ గదిలో చడీచప్పుడూ లేదు. ఫుమియేను పిలిచి ఈ నిశ్శబ్దాన్ని రికార్డు చేసి చూపిద్దామనుకున్నాను.

తెర మీద ధ్వని కొలిచే పట్టీలు ఎగిరి ఎగిరి పడుతున్నాయి.

మైకు తీగ చూశాను. బాగానే ఉంది. ఇంకో మైకు పెట్టాను. ఎగురుతూనే ఉన్నాయి. పెట్టెను పడకగదిలో పెట్టి వచ్చాను, పట్టీలు పడుకున్నాయి. తెచ్చాను, లేచాయి.

దాన్నొక డిస్కు మీదకు ఎక్కించాను. రాస్తూ, చదువుకుంటూ, ముక్క ముక్కా సరిచూసుకుంటూ యంత్రం తన పని చేసింది. పచ్చ గుర్తు. వాయించి విన్నాను. ఫ్యాను గాలి వినబడింది, నా దగ్గు వినబడింది. అంతే. పట్టీలు మాత్రం ఎగురుతున్నాయి.

ఫుమియే గుమ్మంలోంచి, "ఎంత బాగా వచ్చిందో" అంది. వెక్కిరింపు కాదు. నిజంగానే అంది.

యంత్రం సరి. ఫుమియే సరి. సాయోకో సరి. నేను స్క్రూ ఎటు తిప్పినా ఒకేలా వినబడింది అందుకే. యంత్రం నేనిచ్చింది పొల్లుపోకుండా రాసింది. ఇచ్చినవాణ్ణి ఎవరు సరిచూడాలి?

భయమేసింది. సిగ్గు కూడా వేసింది. నిజం చెప్పాలంటే ముందు వేసింది సిగ్గే.

సెప్టెంబరు 17.

కారు కడిగాను.

సెప్టెంబరు 18.

కారు మళ్ళీ కడిగాను.

సెప్టెంబరు 19. వాన.

తీరిగ్గా ఆలోచించాను. టేపే పాతబడిపోయిందని చెప్పొచ్చు. ఎవరు కాదంటారు? పదకొండు జతల చెవులు నా పక్షాన ఉన్నాయి. ఇరవై మూడు దాటితే పోల్చి చూడ్డానికి టేపులే ఉండవు. షియోజావా సరి అన్నాడంటే సరే, అన్న మాట ఊళ్ళో అలాగే నిలుస్తుంది. సింహం ఎలాగూ డోలుకు అలవాటు పడింది.

ఇది రాసి చదువుకున్నాను. నా చేతిరాతే.

సెప్టెంబరు 20.

చెవి డాక్టరు దగ్గరికి ఫుమియే తీసుకెళ్ళింది. ఒక గీత గీసి చూపించాడు. కాగితం మీద ఎడమ నుంచి చదునుగా వచ్చి కుడి చివర లోయలోకి జారిపోయింది. సన్నటి శబ్దాలన్నీ ఆ లోయలోనేనట. వయసు వల్ల వచ్చేదే, చెవి మిషను పెట్టుకుంటే చాలావరకు తిరిగొస్తుంది, కానీ అలవాటు పడ్డానికి నెలలు పడతాయన్నాడు. డాక్టర్లంతా మెల్లగా మాట్లాడతారని ఇంతకుముందు అనుకునేవాణ్ణి.

సెప్టెంబరు 22.

రేపు పూజ. పిలిచారు కానీ నేను వెళ్ళి తీరాలనేమీ లేదు. టేపులు నావి కావు కదా.

సెప్టెంబరు 23. ఎండ, చల్లగాలి.

పొద్దున లేచేసరికి నా నల్ల కోటు ఇస్త్రీ చేసి హ్యాంగరుకు తగిలించి ఉంది. ఫుమియే ఏమీ అడగలేదు. తనూ తయారై గుమ్మంలో చెప్పులేసుకుని నిలబడింది. "వెళ్దామా" అంది, కూరగాయల కొట్టుకు వెళ్దామా అన్నంత మామూలుగా.

బౌద్ధాలయానికి చేరేసరికి సగం తంతు అయిపోయింది. ప్లాస్టిక్ కాలిస్తే చుట్టుపక్కల వాళ్ళు ఊరుకోరని అక్కడి గురువుగారు టేపుల మీది కాగితపు చీటీలు మాత్రం ఒలిచి, మంత్రాలు చదువుతూ నిప్పుల కుండలో వేశారు. టేపులు నారింజ పెట్టెలోనే ఉన్నాయి, పక్కన మడత విప్పిన ఊరి చెత్త సంచి. రేపు చెత్త బండి వస్తుంది. సంఘం వాళ్ళందరూ చేతులు జోడించి మోకాళ్ళ మీద ఉన్నారు. సాయోకో వెనక వరసలో తలవంచుకుని కూర్చుంది.

వాళ్ళ వెనక కూర్చున్నవాణ్ణి లేచి నిలబడ్డాను. చెప్పాల్సింది కారులో వల్లె వేసుకున్నాను, ఒక్క ముక్క కూడా గుర్తు రాలేదు.

"ఆ టేపులు పారేయకండి" అన్నాను. "డిస్కులు తప్పు. వాటిల్లో ఇమామురా సగమే ఉన్నాడు. సాయోకో చెప్పింది నిజం. నాకు సన్నటి శబ్దాలు వినబడవు. వినబడకుండానే డెక్కు సరిచేశాను, వినబడకుండానే సరి అన్నాను."

నిప్పుల కుండలో చివరి చీటీ నల్లబడి ముడుచుకుపోయింది. ఆ కుండ వంకే చూస్తూ నిలబడ్డాను. ఇక ఎవరూ నాకు పనివ్వరు, ఇవ్వకూడదు కూడా, అనుకున్నాను.

కితాహారా గారు నా వైపు తిరిగారు.

"ఆగు షియోజావా. నీకు వినబడలేదు, సరే. మేం కూడా విన్నాం కదా. పదకొండు మందిమి."

"అవునండీ."

"ఖంగుమని వినబడిందన్నాం."

"అన్నారు."

"మా ఇంట్లో అన్నం కుక్కరు ఎప్పటి నుంచో కూయడం లేదు" అన్నారు, గొంతు తగ్గించి. "కంపెనీకి రెండుసార్లు తిప్పి పంపించాను. బాగానే ఉందని రాసి పంపారు. వాళ్ళను తిట్టాను కూడా."

"థర్మామీటరు" అన్నాడు వెనక నుంచి డోలు వాయించే ఆయన. "నేను మూడు మార్చాను."

"కీచురాళ్ళు అంతరించిపోయాయని పేపరుకు ఉత్తరం రాశాను" అన్నాడు ఇంకొకాయన.

ముందు ఫుమియే నవ్వింది. తర్వాత గురువుగారు చేత్తో నోరు మూసుకున్నారు. ఆ తర్వాత ఇక ఎవరూ ఆగలేదు. గుళ్ళో అంత నవ్వు నేను ఎప్పుడూ వినలేదు. ముసలివాళ్ళ నవ్వు బొంగురు కాబట్టి బాగానే వినబడింది.

సాయోకో మాత్రం నవ్వలేదు. లేచి వచ్చి, చెత్త సంచిని మడత పెట్టి పక్కనుంచి, నారింజ పెట్టెను ఒళ్ళోకి తీసుకుంది. రెండు చేతులూ దాని మీద పెట్టి కూర్చుంది.

కితాహారా గారు ఆమె ముందుకు వెళ్ళి, నుదురు చాపకు ఆనేలా వంగారు. "అమ్మా, నువ్వు చెబుతూనే ఉన్నావు. మేం తలలు లెక్క పెట్టుకుని కూర్చున్నాం. తప్పైపోయింది."

"మంత్రాలు చదివేశాను మరి" అన్నారు గురువుగారు ఇబ్బందిగా. "సాగనంపేశాను."

"పరవాలేదు గురువుగారూ. ఈ రోజు పెద్దలు ఎలాగూ వచ్చి పోయే రోజే కదా. నాన్న ఇంకా దూరం పోయుండరు" అంది సాయోకో. అప్పుడు ఏడ్చింది.

సెప్టెంబరు 27. ఎండ.

సాయోకోకు సెలవు. పొద్దున్నే వచ్చింది. చీటీలు కాలిపోయాయి కాబట్టి ఏ టేపులో ఏముందో ఎవరికీ తెలీదు. "వాయించండి, నాన్న ఊపిరి పీలిస్తే చాలు, ఏ వరసో చెప్పేస్తాను" అంది. చెప్పింది కూడా. పెట్టె అడుగునున్న టేపులో దొరికింది.

డెక్కు తల మీద నేను పెట్టిన లక్క గీకేశాను. హెడ్‌ఫోన్లు సాయోకోకు ఇచ్చి, స్క్రూ నేను పట్టుకున్నాను.

"కొంచెం కుడికి. ఊహూ, ఇటు కాదు. వెనక్కి, వెనక్కి. ఇంకాస్త." నా చెవికి అంతా ఒకటే. వేళ్ళకు మాత్రం ఇంకా వణుకు రాలేదు, చెప్పినంతే తిప్పగలను. "ఇంకాస్త బాబాయ్. ఆగండి."

ఆగాను. తన మొహం చూశాను. కళ్ళు మూసుకుంది, కుడిచేతి వేళ్ళు మోకాలి మీద వాటంతటవే లేస్తున్నాయి, పడుతున్నాయి. ఎంతసేపైనా అలాగే ఉండనిచ్చాను. తర్వాత తనే వేలు చాచి డెక్కుకు చూపించింది.

"తల సరి" అంది.

ఎవరి తల, అని ఫుమియే వంటింట్లోంచి అడగలేదు. అడుగుతుందని కాసేపు చూశాను.

మధ్యాహ్నానికి, ఈసారి టేపు నుంచి నేరుగా, డిస్కు మీదికి ఎక్కించడం మొదలైంది. లేజరు ముక్క రాస్తుంది, చదువుకుంటుంది, కదులుతుంది. పక్కన సాయోకో అదే ముక్క వింటుంది, తల ఊపుతుంది. ఒకచోట టేపు జారితే ఆమె చెయ్యెత్తింది. ఆపి, వెనక్కి తిప్పి, ఆ చోటు మళ్ళీ ఎక్కించాం. ఇన్నేళ్ళు యంత్రానికి నేర్పిన పద్ధతే ఇది. పక్కన మనిషిని కూడా కూర్చోబెట్టుకోవచ్చని నాకెందుకు తట్టలేదో.

పోయినసారి ఇంటిముఖం వరస అవ్వగానే ఆపేశాను, ఈసారి టేపు ఇంకా కాసేపు నడిచింది. అందులోంచి ఇమామురా గొంతు బొంగురుగా వచ్చింది: "చాలించండి, పన్ను కదులుతోంది." ఆ మాట నాకే ముందు వినబడింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. కోసేయనా అని అడిగాను. కోస్తే ఊరుకోనంది.

అదీ డిస్కు మీదే ఉంది. వందేళ్ళు ఉంటుంది. ఈ సంగతి మాత్రం నేను ఘంటాపథంగా చెప్పగలను.

సెప్టెంబరు 30.

కితాహారా గారు ఇంకో పెట్టె తెచ్చారు. డోలు పాఠాల టేపులట. "ఇక నీకు పనివ్వననుకున్నావా?" అన్నారు.

"అనుకున్నానండీ."

"సాయోకో పక్కన కూర్చుంటానంది. అది సరి అంటేనే సరి. నీ మాట నమ్మను, నా మాట అసలే నమ్మను."

గొప్ప గౌరవంగా అనిపించింది. వెక్కిరింతకు రాయడం లేదు.

అక్టోబరు 5. ఆకాశం నీలంగా, ఎత్తుగా ఉంది.

పండగ.

చెవి మిషను వచ్చింది కానీ డోళ్ళ మధ్య పెట్టుకుంటే బెదిరిపోతారు, మెల్లగా అలవాటు చేసుకోండని డాక్టరు చెప్పాడు. కోటు జేబులో వేసుకుని వెళ్ళాను. సింహం ఊరంతా తిరిగి, మా గుమ్మం ముందు కూడా ఆగి శుభం కలగాలని నా తల కరిచినట్టు నటించి, పొద్దు వాలేవేళకు గుడి మెట్ల దగ్గరికి చేరింది. డోలు ఆగింది. సాయోకో ముందుకు వచ్చి వేణువు ఎత్తింది.

మొదటి స్వరాలు కిందివి. అవి విన్నాను. తండ్రి లాగే, తొందర లేకుండా. తర్వాత వేణువు పైకి ఎక్కింది, నాకు దూరమైపోయింది. సాయోకో వేళ్ళు మాత్రం కనబడుతున్నాయి, చిటుకూ చిటుకూ లేస్తున్నాయి. సింహం ఒక్కో మెట్టే ఎక్కుతోంది. చుట్టూ పదకొండు మంది ముసలివాళ్ళు, నాలాగే, ఆ వేళ్ళనే కళ్ళార్పకుండా చూస్తున్నారు. మేం వింటున్నది ఏమిటో ఆ పక్కనున్న పడుచువాళ్ళ మొహాల్లో చూసుకున్నాం.

నాకు దుఃఖం వస్తుందనుకున్నాను. రాలేదు. గర్వంగా అనిపించింది. నాకు వినబడనిది కూడా అక్కడ ఉంది. చెక్కు చెదరకుండా ఉంది. దాన్ని అక్కడికి చేర్చడంలో నా చేయి ఉంది.

సింహం తోక ఆఖరి మెట్టు ఎక్కింది. సాయోకో వేణువు దించింది.

నేను వేలు చాచాను. నోరు మాత్రం మూసుకుని, ఫుమియే వైపు తిరిగాను. తను కళ్ళు తుడుచుకుని, నా వేలు ఎటు చూపిస్తోందో ఆ వైపు ఒకసారి చూసి, చెప్పింది.

తనిఖీ: ఫుమియే. సరి.